అత్తకు సోకిన గాలి

నిన్న పొద్దున భోపాల్‌పట్నం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వానలు, నాట్లు, తెగిన రోడ్డు మళ్లీ వేసిన సంగతి అన్నీ అయ్యాక గొంతు తగ్గించాడు.

"అక్కా, పిల్ల జగదల్‌పూర్‌ల నీ ఇంటికి పోయిందని చెప్పినం ఇక్కడ. ఎవరన్నా ఫోన్ జేసి అడిగితే ఉన్నదని చెప్పు."

పిల్ల అంటే వాడి కూతురు, నా మేనకోడలు. ఇరవై ఏళ్లు ఉంటాయి. నా ఇంటికి రాలేదు. వాళ్లింట్లోనే వెనక గదిలో ఉంది. ఏమైందిరా అని రెండుసార్లు అడిగితే, "ఏం లేదక్కా, జర గాలి సోకినట్టున్నది. తాయెత్తు కట్టించినం" అన్నాడు.

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఆ క్షణాన మాట్లాడితే బూతులే వచ్చేవి. పోయిన దీపావళికి వాళ్లింటికి వెళ్లినప్పుడే చూశాను, ఆ పిల్ల గదిలో అద్దం మీద దుప్పటి కప్పి ఉంది. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని వాసన చూసి పక్కకు నెట్టేసింది. పరీక్షల బెంగ అనుకున్నాను. అలా అనుకుంటే నాకూ సుఖంగా ఉంది. తిరిగొచ్చేశాను.

టీ చల్లారిపోయింది. నాకు మా గోదాం గుర్తొచ్చింది, దాని వాసనతో సహా.

మా చిన్నప్పుడు ఛత్తీస్‌గఢ్ అనే రాష్ట్రమే లేదు. భోపాల్‌పట్నంలో మా ఇల్లు మాత్రం ఇప్పటిచోటనే ఉండేది. ముందు దుకాణం, నడుమ వాకిలి, వెనక గోదాం. ఎండలు ముదిరితే గోదాం నిండా ఇప్పపువ్వు పోసేవాళ్లు. ఆ తియ్యటి పులిసిన వాసన గోడలకూ, బొంతలకూ, మా జడలకూ పట్టేసేది. రాయపూర్ దిక్కు నుంచి కొత్తగా వచ్చిన మాస్టారు ఒకాయన నన్ను దగ్గరికి పిలిచి నోరు తెరవమని వాసన చూశాడు, పొద్దున్నే తాగి బడికొచ్చానేమోనని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అత్త.

అత్త బాపుకు చెల్లెలు. పెళ్లి కాలేదు. మా దుకాణాన్ని నడిపించింది నిజానికి ఆమే. బాపుకు తెలుగు, కాస్త హిందీ తప్ప రాదు. అత్త అయితే గోండు వాళ్లతో గోండీ, దోర్ల వాళ్లతో దోర్లీ, ఫారెస్టు గార్డుతో హిందీ, ఎగువ నుంచి వచ్చే బండ్ల వాళ్లతో హల్బీ మాట్లాడేది. సంత రోజున ఒకే నోటితో ఒకే గంటలో ఇవన్నీ. అడవి సరుకు తెచ్చి ఉప్పు పట్టుకుపోయేవాళ్లకు మిగతా దుకాణాల్లో మానిక మీద అరచెయ్యి అడ్డంగా గీసి, పైనున్నది రాల్చేసి ఇచ్చేవారు. అత్త గుట్టగా పోసి అలాగే వంచేది. "దుకాణం ఊడ్చిపెడతది ఇది" అని నాయనమ్మ గొణిగేది. అయినా జనం మా అరుగు మీదే కూర్చునేవారు.

సాయంత్రాలు చింతపండు కొడుతూ నాకు గింజలతో లెక్కలు నేర్పేది. ఉండి, రండు, మూండు, నాలుంగు అని గోండీలో ఎంచాలి, ఎక్కాలు హిందీలో చెప్పాలి, తప్పు చెబితే తెలుగులో తిట్లు తినాలి. చేతులకు అంటిన పులుపు నాకుతూ నేను కావాలనే తప్పులు చెప్పేదాన్ని. ఆమె తిట్లు అంత బాగుండేవి.

ఒక వానాకాలం అత్తకు నిద్ర పట్టడం మానేసింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దుకాణంలో కూర్చుని చెవులు మూసుకునేది. నోరే తెరవని మనిషిని పట్టుకుని, "నా గురించి ఎందుకు మాట్లాడుతున్నవ్?" అని నిలదీసింది ఒకరోజు. త్రాసు పళ్లాలు కూడా తన పేరే పలుకుతున్నాయని నాతో మెల్లగా చెప్పింది. నేను చెవి పెట్టి విన్నాను. నాకేమీ వినపడలేదు, కానీ వినపడిందని చెప్పాను. ఆమె ముఖంలో ఎంత ఊరట కనిపించిందో!

మా ఇంట్లో దానికి పెట్టుకున్న పేరు గాలి. పిచ్చి అనే మాట పైకి అనరు. గాలి సోకింది, గాలి పట్టింది, వాగు దాటేటప్పుడు తగిలింది. గాలి అంటే ఎవరి తప్పూ కాదు, ఎవరి రక్తంలోనూ ఉండదు, వచ్చినట్టే పోతుంది. అందుకే ఆ మాట మా వాళ్లకు అంత ఇష్టం.

బడిలో మాత్రం ఆ మాటతో నాకు దెబ్బలు పడ్డాయి. ఒకరోజు కిటికీ రెక్క కొట్టుకుంటుంటే, "గాలి వస్తున్నది, మూయవే" అని పక్కపిల్లతో అన్నాను. నోరు వాసన చూసిన ఆ మాస్టారే వచ్చి చెవి మెలిపెట్టాడు. ఆయన హిందీలో గాలీ అంటే తిట్టు, బూతు. నేను ఆ అమ్మాయికి బూతులు నేర్పుతున్నానని ఆయన అనుకున్నాడు. చెవి ఎర్రగా చేసుకుని ఇంటికొస్తే అత్త నా చెవికి కొబ్బరినూనె రాస్తూ, "మనకు ఊపిరి, వాళ్లకు తిట్టు. ఏం చేస్తం" అంది. అప్పటికి ఆమె ఇంకా కొన్ని రోజులు మామూలుగా ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు.

గాలి వదిలించే పని నాయనమ్మ చేతిలో పడింది. తాయెత్తులు కట్టించారు. సాంబ్రాణి పొగ పట్టించారు. గోదావరి అవతల నుంచి ఒకడిని పిలిపిస్తే వాడు వేపమండలతో వీపంతా వాచేలా కొట్టి, చింత చెట్టు దయ్యమని చెప్పి భోంచేసి పోయాడు. ఇంకొకడు ఆమె జుట్టు కత్తిరించాడు. మోకాళ్ల దాకా ఉండే జుట్టు అది. వచ్చిన ప్రతివాడూ నిమ్మకాయలు దిగదీసి నాలుగు బాటల కూడలిలో వేయించేవాడు. ఎండాకాలంలో నిమ్మకాయ మాకు అపురూపం. నేను వెళ్లి అవన్నీ ఏరుకొచ్చి, బెల్లం, ఉప్పు వేసి షర్బత్ చేసి గిన్నెలో అత్తకు ఇచ్చాను. ఆమె సగం తాగి, మూతి తుడుచుకుని, "దయ్యానికి ఇంకో చిటికెడు ఉప్పు పడాలె" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నాయనమ్మ చూసి గిన్నె విసిరికొట్టి, నాకూ సాంబ్రాణి వేసింది.

డాక్టరు మాట మా అమ్మ ఒక్కసారే ఎత్తింది. అన్నం తింటున్న బాపు ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"దవాఖానకు తోలుకపోతే ఊరంత తెలుస్తది. ఈ ఇంట్ల పిచ్చి ఉన్నదంటరు. రేపు వీళ్ల పెళ్లిళ్లు ఎట్లయితయి?" అని మా వైపు చెయ్యి చూపించాడు.

నాకు పదేళ్లు, తమ్ముడికి మూడేళ్లు. మా పెళ్లిళ్ల కోసం అత్తను గోదాంలో పెట్టి బయట గొళ్లెం వేశారు. ఈ మాట రాయడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది అప్పుడు.

ఎవరడిగినా ఏం చెప్పాలో నాకు నేర్పించారు. అత్త తర్లగూడలో చుట్టాలింటికి పోయింది. ఎప్పుడొస్తది? పనులయినంక వస్తది. నేను బాగా చెప్పేదాన్ని, ఎక్కడా తడబడకుండా. బాగా చెప్పినందుకు పల్లీపట్టీ ముక్క ఇచ్చేవారు. మూడేళ్లు అలాగే గడిచిపోయాయి. మొదటి ఏడాది ఆమె నవ్వేది, రెండో ఏడాది ఏడ్చేది, మూడో ఏడాది రెండూ మానేసింది.

ఆమె నోరు మూతపడిన రోజు నాకు తెలుసు, ఎందుకంటే మూయించింది నేనే. అన్నం ఇవ్వడానికి వెళ్లి నా హిందీ నోట్‌బుక్కు అక్కడే మరిచిపోయాను. తిరిగి వెళ్లేసరికి ఒక్కో కాగితం చింపుతోంది. అక్షరాలు తనమీద చాడీలు రాసుకుంటున్నాయని చెప్పింది. మర్నాడు మాస్టారు కొడతాడన్న భయంతో నేను, "పిచ్చిదానా" అని అరిచాను. వాకిట్లో ఉన్న అందరికీ వినపడేలా అరిచాను. అత్త చింపడం ఆపింది. చిరిగిన కాగితాలన్నీ ఏరి, అంచులు సరిచేసి, నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆమె నోటి వెంట ఏ భాషలోనూ ఒక్క మాట రాలేదు.

ఆ గొళ్లెం ఊడింది ఒక దోర్ల అవ్వ వల్ల. అడవిలో పల్లె నుంచి తల మీద చింతపండు గంపతో ప్రతి సంతకూ వచ్చేది. అత్త లేకపోతే ఇంకెవరి చేతా తూకం వేయించుకోవడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. ఆ రోజు గంప దించుకుని నన్నే అడిగింది.

"పిల్లా, మీ అత్త ఏది? తర్లగూడల నా బిడ్డ ఉన్నది. మీ అత్త ఆడ లేదన్నది."

మూడేళ్లుగా చెబుతున్న మాట నా నోటి చివరే ఉంది. కానీ ఆ అవ్వ కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "గోదాంల ఉన్నది" అన్నాను, సంత మొత్తం వినేంత గట్టిగా. ఎందుకంత గట్టిగా అన్నానో నాకిప్పటికీ తెలియదు. నాయనమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచేలోపు అవ్వ వాకిలి దాటి వెళ్లి గొళ్లెం తీసేసింది. మేమంతా వెనకే పరుగెత్తాం.

అత్త మూలన కూర్చుని ఉంది. అవ్వ ఆమె పక్కన చతికిలబడి, కత్తిరించిన జుట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు దోర్లీలో ఏదో చెప్పింది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది.

"సావుకారమ్మా, ఎన్నొద్దులాయె?"

"గాలి సోకింది అవ్వా. చేయించాల్సినవన్ని చేయించినం."

"మేము గూడ మా పూజారి వడ్డెకు చూపిస్తం. కోడిని కోస్తం. గానీ మనిషిని దాచం. నా కొడుకు కిరండూల్‌ల ఇనుపరాయి తవ్వే ఖదాన్ల పనికి పోయినప్పుడు ఇట్లనే అయిండు. ఆడి డాక్టరు జగదల్‌పూర్ తోలిండు. గోలీలు తింటడు. ఇప్పుడు దున్నుతాండు, నాతోని కొట్లాడుతాండు. మీకు దుకాణమున్నది, బస్సుకు పైసలున్నయి. మీకేం రోగం?"

బాపు తల వంచుకున్నాడు. ఊరంతా తెలుస్తుందనే కదా ఇన్నాళ్లూ భయం, అప్పటికే సగం సంత మా అరుగు దగ్గర నిలబడి చూస్తోంది. దాచడానికి ఇక ఏమీ మిగలలేదు. మరుసటి వారం జగదల్‌పూర్ బస్సెక్కాం. బాపు, నాయనమ్మ, అత్త, నేను. హిందీ బాగా వచ్చని నన్ను తీసుకెళ్లారు. అత్త కన్నా బాగా వచ్చినవాళ్లు మా ఇంట్లో లేరని ఎవరికీ గుర్తు లేదు.

ఆమె ముఖం మీద నాయనమ్మ కొంగు కప్పింది. దారి పొడుగునా అది జారుతుంటే సర్దుతూనే ఉంది. నేను కిటికీ పక్కన కూర్చుని, కొనిచ్చిన జామకాయ కొరుకుతూ, పాపిష్టిదాన్ని, ప్రయాణం బాగుందని సంతోషపడ్డాను.

అక్కడి దవాఖానకు తలకాయ డాక్టరు నెలకోసారి ఎక్కడి నుంచో వచ్చేవాడు. బాపు గది లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి రోడ్డు వైపు తిరిగాడు. డాక్టరు కలం తీసి ఏమైందని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ తనకొచ్చిన సంత హిందీలో అందుకుంది.

"ఇస్‌కో గాలి లగా సాబ్. తీన్ సాల్ సే. బహుత్ బడా గాలి లగా."

డాక్టరు రాయడం ఆపాడు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గాలీ? కిస్‌నే దీ గాలీ?"

తిట్టా, ఎవరు తిట్టారు అంటున్నాడు. నా చెవి మెలిపెట్టిన మాస్టారు చేసిన పొరపాటే ఈయనా చేశాడు. నాకు నవ్వు పొర్లుకొచ్చింది. అరచేత్తో నోరు నొక్కుకుని, కాదు సాబ్, గాలి అంటే మా భాషలో హవా అని చెప్పబోయాను.

"సబ్‌నే దీ."

కొంగు కింది నుంచి వచ్చింది ఆ మాట. గొంతు గరగరలాడింది, కానీ హిందీ మాత్రం దుకాణంలో కూర్చున్నప్పటి హిందీయే, ఎక్కడా వంకరలేదు. అందరూ తిట్టారు. అత్త కొంగు తీసేసింది. గుమ్మంలో ఉన్న బాపును చూపించింది, నాయనమ్మను చూపించింది. తర్వాత వేలు నా మీదికి తిప్పింది.

"ఇస్‌నే భీ."

ఇది కూడా. నా నోటి మీది చెయ్యి అలాగే ఉండిపోయింది. నవ్వు ఎటుపోయిందో తెలియలేదు.

డాక్టరు మమ్మల్ని ఇంకేమీ అడగలేదు. కుర్చీ ఆమె వైపు జరుపుకుని ఆమెనే అడిగాడు. ఏం వినపడుతుంది, ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, ఎవరు కొట్టారు. మూడేళ్లలో ఆమెను ఎవరన్నా ఏదన్నా అడగడం అదే మొదటిసారి. అత్త మెల్లమెల్లగా, మధ్యలో ఆగుతూ, అన్నీ చెప్పింది. చివరికి ఆయన నాయనమ్మ వైపు తిరిగి, ఇది జబ్బు, షుగరులాంటిదే, మందుంది, ముందే తీసుకొస్తే తొందరగా కుదుటపడేది, మూడేళ్లు ఏం చేస్తున్నారు మీరు అని అడిగాడు. దీన్ని తెలుగులోకి మార్చమని నాయనమ్మ నావైపు చూసింది. నేను మార్చలేదు. ఆమెకు అర్థమైందని నాకు తెలుసు.

అత్త ఒక్కరోజులో బాగుపడలేదు. మొదట్లో చేతులు వణికేవి, రోజంతా మత్తుగా పడుకునేది, ఒళ్లు వచ్చింది. ఒకసారి బాగయింది కదా అని నాయనమ్మ మాత్రలు దాచేస్తే నెల తిరక్కుండా మళ్లీ త్రాసు పళ్లాలు మాట్లాడాయి. అప్పుడు బాపే, ఒంటరిగా, బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లి మందులు తెచ్చాడు. వచ్చి చెల్లెలి మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆ రోజు గోదాం తలుపు నుంచి గొళ్లెం పీకి బయట పారేశాడు.

మళ్లీ ఇప్పపువ్వు కాలం వచ్చేసరికి అత్త దుకాణంలో కూర్చుంది. మాత్రల డబ్బా ఎక్కడ పెట్టుకుందనుకున్నారు? త్రాసు పక్కన, అందరికీ కనపడేలా. అవేం గోలీలని ఎవరన్నా అడిగితే, ఉప్పు మానికెడు గుట్టగా పోస్తూ, "పిచ్చి గోలీలు. నీకేమన్న గావాల్నా?" అనేది. మొదట నాయనమ్మ చచ్చిపోయినంత పని చేసింది. కొన్నాళ్లకు మంచినీళ్ల చెంబు తనే తెచ్చి డబ్బా పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు సంతలో ఆడవాళ్లు బేరం అయిపోయాక కూడా లేవకుండా కూర్చునేవారు. మా కోడలు నిద్రపోదు, మా పిల్లగాడు గోడతో మాట్లాడుతడు అని ఒక్కొక్కరే మొదలుపెట్టేవారు. అత్త వాళ్ల వాళ్ల భాషలో వాళ్లకు చెప్పేది, బస్సు ఎప్పుడుందో, ఎక్కడ దిగాలో, డాక్టరు ఏం అడుగుతాడో. దోర్ల అవ్వ కొడుకు వచ్చినప్పుడైతే ఇద్దరూ ఎవరికి ఎన్ని గోలీలని పోటీ పడేవారు.

నన్ను ఆమె క్షమించిందా అంటే, ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నా పెళ్లికి చూడవచ్చినవాళ్లు లోపలికి అడుగుపెట్టగానే అత్త తనే ఎదురెళ్లి, డబ్బా చూపించి, "ముందే చెప్తున్న, మా ఇంట్ల ఇది ఉన్నది" అంది. ఇద్దరు వెళ్లిపోయారు. మూడోవాడు కూర్చుని, ఆ గోలీలు మా పెద్దన్న కూడా వాడతాడని చెప్పాడు. వాడినే చేసుకున్నాను. అత్త పోయి ఏళ్లయింది. ముసలితనంతో పోయింది, దుకాణం పనిలో ఉండగానే, ఊరంతా వచ్చింది.

కానీ ఆమె కథ మా తమ్ముడి ఇంట్లో చెప్పుకోరు. ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ డబ్బా కూడా ఎక్కడో పడేశారు. అదే ఇల్లు, ఒకప్పటి గోదామే ఇప్పటి వెనక గది, అదే చుట్టాలింటికి పోయిందన్న అబద్ధం. తర్లగూడ పోయి జగదల్‌పూర్ వచ్చింది, అంతే తేడా.

మధ్యాహ్నం తమ్ముడికి ఫోన్ చేశాను.

"పిల్ల నా దగ్గర ఉన్నదని చెప్పిండ్రు గదా. అబద్ధమెందుకు, రేపు పొద్దుటి బస్సుకు తీసుకరా. నిజంగనే ఉంటది. ఎల్లుండి డాక్టరు దగ్గరికి పోదాం."

"బస్సుల ఎవరన్న సూస్తే అక్కా?"

"సూడనీ. కిటికీ పక్కన కూసోబెట్టు. మొకం మీద చున్నీ కప్పితే మాత్రం నీ మొకం నేను సూడను."

"ఎక్కడికని అడిగితే?"

"తలకాయ డాక్టరు దగ్గరికని చెప్పు. నీకు నోరు రాకపోతే ఫోన్ జేసి వాళ్లకే ఇయ్యి, నేను చెప్త. ముందు పిల్లకు ఇయ్యి ఫోను."

తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత అవతల పిల్ల ఊపిరి వినపడింది.

"బిడ్డా, నీకు గాలి సోకిందంటుండు మీ బాపు" అన్నాను. "ఎవరిచ్చిండ్రు?"

హిందీ బడిలో చదివిన పిల్ల. రెండు గాలులూ తెలిసిన పిల్ల.

"శానా మంది ఉన్నరు అత్తా" అంది.

"ఉండనీ. కొత్త నోట్‌బుక్కు తీసిపెడ్త. వచ్చి ఒక్కొక్కళ్ల పేరు చెప్పు, రాసుకుందాం."

ఫోన్ పెట్టేసి నిజంగానే బీరువాలోంచి నోట్‌బుక్కు తీశాను. దీపావళినాడు ఆ అద్దం మీది దుప్పటి చూసి కూడా తిరిగొచ్చేసినందుకు, మొదటి పేరు నాదే రాశాను.